మానస తెచ్చిన ఆవ

జర్మనీలో నర్సుగా చేరిన కొత్తలో మానస తిండికి అల్లాడిపోయింది. ఆస్పత్రి క్యాంటీన్‌లో ఎప్పుడు చూసినా ఉడకబెట్టిన ఆలుగడ్డ, గట్టి రొట్టె, ఉప్పు తప్ప మరేమీ తగలని మాంసం. గొల్లపల్లి నుంచి తల్లి లక్ష్మవ్వ కట్టి పంపిన కారంపొడి, మామిడి తొక్కు చలికాలం రాకముందే అయిపోయాయి. ఒకరోజు పక్కన కూర్చున్న పెద్దవయసు నర్సు తన పళ్లెం అంచున ఉన్న పసుపు ముద్దను చూపించి, దీంతో తిని చూడమంది. మానస కొంచెం అద్దుకుని నోట్లో పెట్టుకుంది. ఘాటు ముక్కులోంచి నడినెత్తికి ఎక్కింది. కళ్ల వెంట నీళ్లు కారాయి. ఆ పూట ఆమె కడుపునిండా తింది. అది ఆవ అని తెలిసి ఆశ్చర్యపోయింది. పోపులో చిటపటమనే ఆవగింజలో ఇంత పౌరుషం ఉందని ఆమె అనుకోలేదు.

ఆ ఊళ్లోనే ఎమ్మెస్ చదువుతున్న ప్రియదర్శినితో కలిసి ఆమె ఒక చిన్న ఫ్లాటులో ఉండేది. ప్రియదర్శినిది కోరుట్ల. తండ్రి జగన్మోహన్ రావుకు అక్కడ పసుపు వ్యాపారం, గొల్లపల్లి వైపు పాత భూములు. ఆ భూముల్లో లక్ష్మవ్వ ఏళ్ల తరబడి నాట్లు వేసింది. ఈ సంగతి ఇద్దరికీ కలిసి ఉండటం మొదలైన వారంలోనే తెలిసింది. తెలిశాక కొన్నాళ్లు ఒకరితో ఒకరు ఆచితూచి మాట్లాడుకున్నారు. ఆ బిగువు సడలింది ఆవ దగ్గరే.

శనివారం అంగడికి పోయినప్పుడల్లా ఏదో ఒక కొత్తరకం ఆవ సీసా కొనుక్కుని వచ్చి, వంటింటి బల్ల మీద పెట్టుకుని ఇద్దరూ రుచి చూసేవాళ్లు. బవేరియా వాళ్ల తియ్య ఆవ బెల్లం పాకంలా ఉంటే మానస మొహం చిట్లించింది. ట్యూబులో వచ్చే మామూలు రకం పిల్లల తిండిలా ఉందని ప్రియదర్శిని పక్కన పెట్టేసింది. ఇంగ్లీషువాళ్ల ఆవపొడిని చన్నీళ్లతో కలిపి కాసేపు ఉంచితేనే ఘాటు పుడుతుందని, వేడినీళ్లు పోస్తే చచ్చిపోతుందని ఒక పొట్లం పాడుచేసుకున్నాక తెలిసింది. బంగ్లాదేశీ దుకాణంలో దొరికే కాసుంది అనే ఆవ ముద్ద ఇద్దరికీ నచ్చింది, అందులో పచ్చి మామిడి పులుపు ఉంటుంది కాబట్టి. చివరికి నున్నటి ఫ్రెంచి దిజోన్ ప్రియదర్శినికి ఇష్టమైంది. గింజలు సగం నలిగి సగం నలగకుండా పంటికింద పటపటలాడే ముతక ఆవ మానసకు ఇష్టమైంది. దాన్ని ఆమె పెరుగన్నంలో నంజుకునేది. అది చూసి ప్రియదర్శిని ముక్కు మూసుకునేది. ఏది గొప్పదని పోట్లాడుకుంటూ వాళ్లు స్నేహితులయ్యారు.

ఆ సీసాలన్నింటి మీదా ఒక మాట లావు అక్షరాల్లో ఉండేది, ఇందులో ఆవ ఉంది అని. ఆవ సీసా మీద ఆవ ఉందని రాయడమేమిటని ప్రియదర్శిని నవ్వేది. మానస నవ్వలేదు. తన వార్డుకు ఒక పెద్దాయనను తెచ్చిన రోజు ఆమెకు గుర్తుంది. హోటల్లో పచ్చికూరల మీద పోసిన పులుసులో కలిసిన ఆవ ఆయనకు పడలేదు. పెదవులు ఉబ్బి, గొంతు మూసుకుపోతూ వచ్చాడు. తొడలో ఒక్క సూది వేశాక ఆయన మళ్లీ గాలి పీల్చుకోవడం ఆమె పక్కనే నిలబడి చూసింది.

ఆ ఎండాకాలం మానసకు సెలవు దొరికింది. ప్రియదర్శిని చదువు చివరికొచ్చి కదలలేకపోయింది. ఆమె తమ్ముడు సాత్విక్ జగిత్యాల కొత్త బస్టాండు వైపు బర్గర్ల దుకాణం పెట్టాలని తిరుగుతున్నాడు. ఏ రకం ఆవ మన నాలుకలకు నచ్చుతుందో చూసుకుని అలాంటిది తానే చేయించుకుంటానని, కొన్ని రకాలు పంపమని అక్కను అడిగాడు. ప్రియదర్శిని తాము రుచి చూసిన రకాలన్నీ గుడ్డల్లో చుట్టి మానస పెట్టెలో సర్దింది. మొదట తియ్యవి, చివర ఘాటువి, ఆ వరసలోనే రుచి చూపించమని మరీమరీ చెప్పింది.

గొల్లపల్లిలో లక్ష్మవ్వ ఒప్పుకోలేదు. వాళ్లింటికి నువ్వెందుకు పోవుడు, ఆ పిలగాన్నే వచ్చి తీస్కపొమ్మను అంది. జగిత్యాలలో ఆటో నడిపే అన్న జాన్ కూడా సీసాలు తనకిస్తే బస్టాండులో అందిస్తానన్నాడు. మానస వినలేదు. ప్రియదర్శిని ఇల్లు చూడాలని ఆమెకు ఉంది. తాము ఒకే గిన్నెలో తిన్నవాళ్లం కదా అని కూడా ఉంది. జగిత్యాలలో బస్సు మారి పొద్దెక్కేసరికి కోరుట్ల చేరింది.

సాత్విక్ గేటు దాకా ఎదురొచ్చాడు. లోపలికి తీసుకుపోయి నేరుగా డైనింగ్ టేబుల్ ముందు కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. అతని తల్లి సుమతి వంటింటి గుమ్మంలోంచి ఆ కుర్చీ వైపు ఒకసారి చూసి, మంచినీళ్లు పంపింది. జగన్మోహన్ రావు పేపరు మడిచి పక్కన పెట్టి, లక్ష్మవ్వ బిడ్డవా అని అడిగాడు. అవునంది. మీ అమ్మ చేతి నాటు వరస తప్పేది కాదు అన్నాడు. మంచిగానే అన్నాడు. అయినా మానసకు వీపు నిటారుగా బిగుసుకుంది.

నీళ్లు తెచ్చిచ్చింది సాత్విక్ భార్య ఐశ్వర్య. పెళ్లయి ఇంకా ఏడాది నిండలేదు. సిరిసిల్ల అమ్మాయి. పలుచగా, నెమ్మదిగా ఉంది. బ్రెడ్డు ముక్కలు, కోడిగుడ్లు, కీరకాయ కోసి టేబుల్ మీద పెట్టి గోడకు ఆనుకుని నిలబడింది.

మానస సీసాలు విప్పింది. తియ్య ఆవ సాత్విక్‌కు నచ్చింది, పిల్లలకు బాగుంటుందన్నాడు. ఇంగ్లీషు ఆవ నాలుక మీద పెట్టుకుని జగన్మోహన్ రావు గట్టిగా తుమ్మాడు. మళ్లీ ఇంకొంచెం వేయమన్నాడు. సుమతి కూడా వచ్చి కూర్చుని కాసుంది రుచి చూసింది. ఇది మన మామిడి తొక్కుకు చుట్టమే అంది. ఇంట్లోకి నవ్వు వచ్చింది. మానస వీపు కాస్త వదులైంది.

నువ్వు కూడా చూడు రమ్మని సాత్విక్ భార్యను పిలిచాడు. ఐశ్వర్య వద్దని తల ఊపింది.

"గీమెకు ఆవాలంటే గిట్టదు," అంది సుమతి. "పప్పుల పోపు గింజలన్ని ఏరి పళ్లెం అంచుకు పెడ్తది. మా తొక్కు ఒక్కనాడు ముట్టలే."

ఎందుకని మానస అడిగింది. ఐశ్వర్య గొంతు తగ్గించి చెప్పింది.

"నోరంత గులగుల పెడ్తదక్కా."

మానస చేతిలో చెంచా ఆగింది. నోరు దురదపెట్టడం ఎప్పటి నుంచి అని అడిగింది. ఐశ్వర్య అత్త వైపు ఒకసారి చూసి, చిన్నప్పటి నుంచే అంది.

"అట్లయితే నువ్వు తినకు," అంది మానస.

సుమతికి ఆ మాట నచ్చలేదు. కోడలు వచ్చినప్పటి నుంచి తన వంటను ఏరుకుని తినడం, అడిగితే జవాబు చెప్పకపోవడం ఆమె మనసులో ముల్లులా ఉంది. ఇప్పుడు బయటి నుంచి వచ్చిన పిల్ల తన టేబుల్ దగ్గర కూర్చుని తన కోడలికి తినొద్దని చెబుతోంది. సుమతి ఒక బ్రెడ్డు ముక్క తీసుకుని ముతక ఆవ రాసింది. అలవాటు లేకనే గట్ల, ఇంత నాకితే ఏమీ కాదు అంటూ కోడలి చేతిలో పెట్టింది.

"ఆంటీ, వద్దు. కొందరికి అది పడదు. ప్రాణం మీదికి వస్తది," అంది మానస.

"నర్సువు గద బిడ్డా, నీకు అంతట రోగాలే కనవడ్తయి," అని సుమతి నవ్వింది. కానీ కళ్లు నవ్వలేదు.

మానస లేచి ఆ ముక్క లాక్కోవలసింది. చెయ్యి కదిలింది కూడా. కానీ అది వాళ్ల ఇల్లు, వాళ్ల కోడలు. రెండుసార్లు చెప్పాక మూడోసారి చెప్పడానికి ఆ ఇంట్లో తనకు నోరు రాలేదు. సాత్విక్ ఫోన్‌లో ఏదో చూసుకుంటున్నాడు. జగన్మోహన్ రావు కీరకాయ నములుతున్నాడు. అందరి మధ్యా నిలబడి ఐశ్వర్య ఆ ముక్క తినేసింది.

మాటలు మళ్లీ దుకాణం మీదికి పోయాయి. మానస మాత్రం ఐశ్వర్య నుంచి కళ్లు తిప్పలేదు. ఆమె ఖాళీ గిన్నెలు తీసింది. ఒక చేతి వేళ్లతో రెండో అరచేతిని గోక్కుంది. గొంతు సవరించుకుంది. సింకు దాకా పోయి తిరిగి వచ్చేసరికి మెడ మీద ఎర్రటి దద్దులు లేచాయి. మానస కుర్చీ వెనక్కి తోసి లేచి ఆమె భుజాలు పట్టుకుంది. పెదవులు అప్పటికే బరువెక్కాయి.

"అక్కా, గొంతు పట్టుకుంటాంది," అంది ఐశ్వర్య. ఆ గొంతు ఆమెది కాదు. బొంగురుగా, దూరం నుంచి వచ్చినట్టు ఉంది.

కారు తీయమని మానస సాత్విక్‌కు చెప్పింది. ఏమైంది, ఏమైంది అని అతను నిలబడిపోతే జగన్మోహన్ రావు తాళాలు తెచ్చి కొడుకు చేతిలో పెట్టాడు. సుమతి నిమ్మరసం కలుపుతానంటూ వంటింట్లోకి పరుగెత్తింది. ఏమీ తాగించొద్దని మానస గట్టిగా చెప్పింది. ఇంటిల్లిపాదీ కారెక్కారు. డాక్టరుకు చూపిస్తానంటూ సుమతి ఆ సీసాలను ఒక సంచీలో వేసి వెంట పట్టుకుంది.

ఆ రోజు అంగడి. దారి పొడుగునా కూరగాయల బండ్లు, ఆటోలు, మామిడికాయల ట్రాలీలు. సాత్విక్ హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. వెనక సీట్లో ఐశ్వర్య ముందుకు వంగి గాలి కోసం నోరు తెరుస్తోంది. ఊపిరి లోపలికి పోయేటప్పుడు సన్నటి ఈల మోగుతోంది. మానస ఆమె నాడి పట్టుకుని ఉంది. నాడి పరుగెత్తుతోంది, కానీ బలం తగ్గుతోంది. ఆమెకు భయం వేసింది. తన ఆస్పత్రిలో అయితే గోడకున్న బొత్తాం నొక్కితే నలుగురు వస్తారు. ఇక్కడ కూరగాయల బండి అడ్డు తీసేవాడు కూడా లేడు.

దగ్గరలో ఉన్న ఒక నర్సింగ్ హోం ముందు ఆపారు. డాక్టరు మెట్‌పల్లిలో ఆపరేషన్‌కు పోయాడు. ఫోన్ ఎత్తడం లేదు. కంపౌండరు ఐశ్వర్యను లోపల పడుకోబెట్టి, దద్దులు చూసి ఇలాంటప్పుడు తాను ఎప్పుడూ ఇచ్చే సూదులు రెండు ఇచ్చాడు. కాసేపట్లో తగ్గుతుందన్నాడు. అవి చాలవని, అడ్రినలిన్ కావాలని మానస అంది. అతను బెదిరిపోయాడు. అది గుండె ఆగినవాళ్లకు ఇస్తారని, డాక్టరు సారు చెప్పకుండా ముట్టుకోనని, ఏమన్నా అయితే తన మీదికి వస్తుందని అన్నాడు. మానస తాను నర్సునని, జర్మనీలో చేస్తున్నానని చెప్పింది. జర్మనీ అయితే ఏంది, ఇక్కడ కాదు గదా అన్నాడు. అతని మాటలోనూ తప్పు లేదు.

మంచం మీద ఐశ్వర్య కళ్లు తేలిపోతున్నాయి. మానస జగన్మోహన్ రావు వైపు తిరిగింది.

"అంకుల్, నేను వేస్త. మీరు చెప్తేనే ఆయన ఇస్తడు. ఆలస్యం అయితే పిల్ల దక్కది."

జగన్మోహన్ రావు కోడలి మొహం చూశాడు. కొడుకును చూశాడు. సాత్విక్ తల పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. సుమతి భర్త చెయ్యి పట్టుకుంది. తెలిసీ తెలియని పిల్ల చేతిలో పెడతావా, జగిత్యాల తీసుకుపోదాం అంది. మానసకు ఆ క్షణం తెగనంత పొడుగనిపించింది. తల్లి నాటు వరస గుర్తున్న ఈ మనిషి తన చేతిని నమ్ముతాడా అని ఆమె ఎదురుచూసింది.

"ఇయ్యి," అన్నాడు ఆయన కంపౌండరుతో. "ఏమైనా నాది పూచీ."

కంపౌండరు బీరువా తీసి మందు ఇచ్చాడు. మానస కొలత రెండోసారి చూసుకుని, చీర మీది నుంచే తొడ బయటివైపు సూది దించింది. కాళ్ల కింద దిండు పెట్టించింది. ఆక్సిజన్ ముక్కుకు పట్టింది. ఆ గదిలో వినిపించింది ఈల ఒక్కటే. అది సన్నబడిందో, తనకే అలా అనిపిస్తోందో మానసకు తెలియలేదు. ఐశ్వర్య ఛాతీ మీద చెయ్యి వేసి ఉంచింది. కొంతసేపటికి ఆ ఛాతీ లోతుగా ఎగిసింది. మరోసారి ఎగిసింది. ఐశ్వర్య కళ్లు తెరిచి దగ్గింది. సాత్విక్ నేల మీద కూలబడి ఏడ్చాడు.

ఇది మళ్లీ రావొచ్చని, పెద్దాస్పత్రికి పోవాల్సిందేనని మానస చెప్పింది. అంబులెన్సులో జగిత్యాల తీసుకుపోయారు. అక్కడి డాక్టరు అంతా విని, సూది వేయడం మంచిదైందని, రాత్రంతా కనిపెట్టి చూడాలని చేర్చుకున్నాడు.

సాయంత్రం కాకముందే సిరిసిల్ల నుంచి ఐశ్వర్య తల్లి నవనీత, మేనమామ వచ్చారు. ఫోన్‌లో సాత్విక్ ఏడుస్తూ చెప్పిన నాలుగు మాటల్లో వాళ్లకు అర్థమైంది ఒకటే, ఇంట్లో ఏదో తిని పిల్ల పడిపోయిందని. నవనీత వరండాలోకి వస్తూనే వియ్యపురాలి ముందు నిలబడింది.

"నా బిడ్డకు ఏం పెట్టిన్రు?"

ఆమె గొంతు పెద్దది కాదు. కానీ వరండాలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పారు. సుమతి మొహం పాలిపోయింది. చుట్టూ చూసింది. ఆమె చూపు మానస మీద ఆగింది.

"మేమేం పెట్టలే వదినా. గీ పిల్ల జర్మనీ నుంచి ఏవో సీసాలు తెచ్చింది. అవి తినే గిట్లయింది."

మానస తెచ్చిన ఆవ. ఆ మాట ఆ తర్వాత ఆ వరండాలో ఒకరి నుంచి ఒకరికి పోయింది. మేనమామ సంచీ లాక్కుని సీసాలు తిప్పి తిప్పి చూశాడు. మీద రాసింది ఒక్క అక్షరం అతనికి అర్థం కాలేదు. ఇందులో ఏం కలిపిందో ఎవరికి తెలుసు, పరీక్షకు పంపిస్తా అన్నాడు. నీది ఏ ఊరని మానసను అడిగాడు. గొల్లపల్లి అంటే ఎవరి బిడ్డవని అడిగాడు. చెప్పాక అతని గొంతు మారింది. పోలీసుల్లో తనకు తెలిసినవాళ్లున్నారని ఫోన్ తీశాడు.

మానస జగన్మోహన్ రావు వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కోడలి ప్రాణం కోసం పూచీ పడ్డ మనిషికి భార్య మీద ఒక్క మాట చెప్పడానికి నోరు పెగలలేదు. సాత్విక్ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. తల్లి చేతిలోంచి భార్య చేతిలోకి పోయిన ముక్క అతను చూశాడో లేదో మానసకు తెలియదు. అతను మాత్రం ఏమీ అనలేదు.

చెల్లెలు ఫోన్ చేసిందని జాన్ ఆటో బయట పెట్టి పరుగున వచ్చాడు. చెల్లెల్ని పక్కకు తీసుకుపోయి మెల్లగా చెప్పాడు.

"నడువు, పోదాం. వీళ్లు వీళ్లు ఒక్కటైతరు. కేసంటే నీ పాస్‌పోర్టు పట్టుకుంటరు. ఇగ జర్మనీ లేదు, ఏం లేదు."

ఉద్యోగం, వీసా, ఆ ఫ్లాటు, తన జీతంతో లేస్తున్న తల్లి కొత్త ఇంటి గోడలు అన్నీ ఒక్కసారి మానస కళ్ల ముందు మెదిలాయి. పోతే తప్పు చేసినట్టే అవుతుంది. దానికన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. సూది బలం తగ్గాక అది మళ్లీ తిరగబడితే ఆ పిల్ల పక్కన దాన్ని గుర్తుపట్టే మనిషి ఉండాలి. తాను పోనని అన్నతో అంది. నవనీత దగ్గరికి నడిచింది.

"అమ్మా, ఐశ్వర్యకు చిన్నప్పుడు ఎప్పుడన్న గిట్లయిందా?"

నవనీత రెప్పలు వాలాయి. కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"లేదు. ఎన్నడు కాలే," అంది.

అబద్ధమని మానసకు తెలిసింది. కానీ ఇంకేం అడగగలదు. వార్డు తలుపు దగ్గరికి పోయి, లోపలికి రానివ్వకపోతే అద్దంలోంచి చూస్తూ నిలబడింది. ఆ నిలబడటంలోనే ఆమెకు కనిపించింది. ఐశ్వర్య నిద్రలోనే మెడ గోక్కుంటోంది. దుప్పటి మీది చెయ్యి ఎర్రబడింది. మానస తలుపు తోసుకుని లోపలికి పోయి సిస్టరును పిలిచింది. డాక్టరు వచ్చేసరికి ఈల మళ్లీ మొదలైంది.

ఈసారి అందరూ తలుపు దగ్గరే ఉన్నారు. డాక్టరు రెండో సూది వేయిస్తూ వెనక్కి తిరిగి, ఇదివరకు ఎప్పుడన్నా వచ్చిందా, దేనికి వచ్చింది, తెలిసినవాళ్లు చెప్పండి అన్నాడు. మళ్లీ అడిగాడు. ఇప్పుడు దాచిపెడితే రేపు ఇంకోచోట ఇంకొకరు పెడతారు, అప్పుడు పక్కన ఎవరుంటారు అన్నాడు.

నవనీత గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది. కూతురు పదోతరగతిలో ఉన్నప్పుడు వేములవాడలో చుట్టాల పెళ్లిలో కొత్త మామిడి తొక్కు తిని ఇలాగే పడిపోయిందని చెప్పింది. కరీంనగర్ తీసుకుపోతే బతికింది. ఏదో పడలేదన్నారు గానీ ఏది పడలేదో తేల్చలేదు. పిల్లే అప్పటి నుంచి ఆవాలు ఏరడం మొదలుపెట్టింది. సంబంధాలు చూసేటప్పుడు ఒకరికి ఈ సంగతి తెలిసి, పిల్లకు ఫిట్స్ ఉన్నాయట అని ఊరంతా చెప్పి తప్పుకున్నారు. ఆ తర్వాత వచ్చిన కోరుట్ల సంబంధానికి ఏమీ చెప్పొద్దని కూతురితో ఒట్టు వేయించుకుంది.

"అత్తగారింట్ల అడిగినా చెప్పకు అన్న," అంది. "నేనే నా బిడ్డ నోరు కట్టేసిన."

మేనమామ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. చేతిలోని సంచీ ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చూసి, బెంచీ కిందికి తోశాడు. లోపల రెండో సూది పనిచేయడం మొదలైంది. ఈసారి ఈల త్వరగానే ఆగింది.

పొద్దున ఐశ్వర్య లేచి కూర్చుంది. మొహం ఇంకా ఉబ్బి ఉంది. అందరూ మంచం చుట్టూ చేరారు. రాత్రి జరిగింది తల్లి చెప్పగా విని, ముందు మానస ఎక్కడని అడిగింది. మానస తలుపు దగ్గర ఉంది.

"మానసక్క రెండుసార్లు వద్దన్నది," అంది ఐశ్వర్య. "నేనే తిన్న. ఎవల తప్పు లేదు."

అత్త పేరు ఆమె ఎత్తలేదు. ఎత్తకపోవడం సుమతి విన్నది. చాలాసేపు కోడలి పాదాల దగ్గర దుప్పటి సర్దుతూ ఉండిపోయింది. తర్వాత తల ఎత్తకుండానే నవనీతతో అంది.

"నేనే చేతుల వెట్టిన వదినా. వద్దంటే ఇనలే."

మానస వైపు మాత్రం ఆమె చూడలేదు. ఆ రోజూ చూడలేదు, ఆ తర్వాత ఆమెను కలవడానికీ రాలేదు.

ప్రియదర్శిని ఫోన్‌లో మొదట మాట్లాడిన మాట మానసకు చాలా రోజులు గుచ్చుకుంది. నోరు దురదపెడుతుందని చెప్పాక నువ్వు ఆ సీసాలు ఎందుకు మూసేయలేదు అంది. మీ ఇంట్లో మీ అమ్మ చేతిలోంచి ముక్క లాక్కునే ధైర్యం నాకు ఎక్కడిది అని మానస అంది. అవతల ప్రియదర్శిని ఏడ్చింది. జర్మనీలో ఇన్నాళ్లూ ఇద్దరూ దాటవేసిన మాట అది. ఆ పూట చాలాసేపు మాట్లాడుకున్నారు. అన్నీ తేలలేదు.

సెలవు అయిపోతుందనగా ఒక మధ్యాహ్నం సాత్విక్ బండి మీద ఐశ్వర్యను ఎక్కించుకుని గొల్లపల్లి వచ్చాడు. చెప్పాపెట్టకుండా వచ్చారు. లక్ష్మవ్వ కంగారుపడి మంచం మీద దుప్పటి పరిచింది. సాత్విక్ గుమ్మంలోనే నిలబడి, ఆ రోజు వరండాలో నేను మాట్లాడాల్సింది, మాట్లాడలేదు అన్నాడు. అంతకంటే ఎక్కువ చెప్పలేకపోయాడు. మానస కూర్చోమంది.

భోజనం చేసి పొమ్మని లక్ష్మవ్వ అన్నది గానీ, అన్నాక భయపడింది. ఈ ఇంట్లో వాళ్లు తింటారా అన్నది ఒక భయం, తింటే ఏమవుతుందో అన్నది ఇంకొకటి. ఐశ్వర్య నేరుగా పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది. దుకాణం పని మొదలైందని, బోర్డు మీద ఏ తిండిలో ఏముందో రాయిస్తామని సాత్విక్ చెబుతున్నాడు. కోరుట్లలో ఇప్పుడు పోపు జీలకర్రతోనే పడుతోందని, ఆవకాయ జాడీని అత్తమ్మ చెల్లెలింటికి పంపేసిందని ఐశ్వర్య చెప్పింది. ఆమె మెడలో తాళికి పక్కన చిన్న పర్సు వేలాడుతోంది. అందులో సూది, మందు ఉన్నాయి. ఎక్కడికి పోయినా అది వెంట ఉంటుంది.

లక్ష్మవ్వ గిన్నెలన్నీ మళ్లీ కడిగింది. నూనె సీసా కూడా కొత్తది విప్పించింది. బీరకాయ కూర, పచ్చిపులుసు చేసింది. ఐశ్వర్య పళ్లెం ముందు కూర్చుని అలవాటు కొద్దీ వేలితో కూరను కదిపింది. ఏరడానికి ఏమీ లేదు. అప్పుడు నవ్వింది.

తింటూ తింటూ ఆమె మానస వైపు వంగి మెల్లగా అడిగింది.

"అక్కా, నేను తిన్నది ఏ రకం?"

మానస చెప్పింది, గింజ గింజగా ఉండే ముతకదని, తనకు అన్నింట్లోకి అదే ఇష్టమని.

"గట్లనా," అంది ఐశ్వర్య. కొంచెంసేపు అన్నం కలుపుతూ ఉంది. "మస్తుండె."

లక్ష్మవ్వ ఇంకొంచెం పచ్చిపులుసు పోసింది.